గడప మాట

శుక్రవారం పొద్దున గడపకు పసుపు రాస్తూ హైమావతి రోజూ చెప్పే మాటలే చెప్పడం మొదలుపెట్టింది.

"ఆడపిల్లకు ఎనిమిదో తరగతి చాలు. ఆపైన చదివి ఎవరిని ఉద్ధరించాలి? ఇంటి పరువు గడప లోపలే ఉంటుంది."

గొంతు తేటగా, ఎక్కడా తొణక్కుండా ఉంది. కూరలమ్మితో బేరమాడే గొంతు కాదది, పిల్లను కసిరే గొంతూ కాదు. మాటలు కూడా ఇంట్లో మాట్లాడుకునేవి కావు. పలక మీద రాసుకుని చదువుతున్నట్టు, ఎక్కడి పొల్లు అక్కడ పడుతోంది. ఆ మాటలంటూనే ఎడమచెయ్యి వెనక్కు పెట్టి రెండు వేళ్ళు ఆడించింది. దొడ్లోకి పోయి లెక్కలు పూర్తిచెయ్యమని దానికి అర్థం. పన్నెండేళ్ళ సిరిచందన పుస్తకాన్ని తువ్వాలులో చుట్టుకుని, స్నానానికి వెళ్తున్నదానిలా వెనక తలుపు దాటింది.

గడప ఎడమ మూల చెక్కలో మట్టిరంగు బిళ్ళ ఒకటి పొదిగి ఉంది. దాని మీద పసుపు పడకుండా చుట్టూ తీర్చడం కొత్త కోడళ్ళకు ఒక పట్టాన చేతకాదు. దాని పేరు ఇంటిచెవి.

ఇంటిచెవి మాటలు మోసుకుపోదు. మోసుకుపోతుందని పుకారు పుట్టినప్పుడు రాష్ట్రాన్ని ఏలే పక్షంవాళ్ళే ఊరూరా తిరిగి దాన్ని విప్పి చూపించారు. రోజంతా విని, దీపాలవేళకు ఒక్కో సంగతి మీద ఆ ఇల్లు ఎటు ఒరిగి ఉందో ఒక అంకె పైకి పంపుతుంది, అంతే. ఆ అంకెను మొగ్గు అన్నారు. నాలుగిళ్ళవాళ్ళు కుళాయి మరీ పెందలాడే వస్తోందని విసుక్కుంటే వారం తిరక్కుండా నీళ్ళు ఆరింటికి వచ్చేవి. బస్సు కిక్కిరిసిందని గొణిగితే ఇంకో బస్సు వచ్చేది. అర్జీ, ధర్నా, ఊరేగింపు అనే మాటలు చందన పుస్తకంలో చరిత్ర పాఠం చివర కష్టపదాల కింద ఉన్నాయి. ఇంటిచెవి పెట్టుకుని తీరాలని చట్టమేమీ లేదు. పెట్టుకోని ఇంటికి నీళ్ళు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు, అంతే.

రాష్ట్రాన్ని యాభై నాలుగేళ్ళుగా కట్టుబాటు పక్షమే ఏలుతోంది. దాని గుర్తు గడప. బొమ్మ కింద 'గడప కదలదు' అని రాసి ఉంటుంది. ఓడిపోకపోవడంలో పెద్ద రహస్యం లేదు. జనం మొగ్గు ఎటుంటే పక్షం అటు వెంట్రుకవాసి జరిగేది. ఎన్నికలు వచ్చేసరికి జనం ఎక్కడికి చేరతారో, అక్కడ అది అప్పటికే పీట వేసుకు కూర్చుని ఉండేది.

అయితే మొగ్గు మరీ తేడాగా ఉన్న ఇళ్ళవాళ్ళకు పనుల్లో కోత పడుతుందని ఒక మాట ఉంది. పడినవాళ్ళను ఎవరూ చూడలేదు, విన్నవాళ్ళే అందరూ. హైమ మొగుడు సింహాద్రి తరంగ విద్యుత్ కేంద్రంలో పని చేస్తాడు. నెలకు ఇరవై రోజులు సముద్రం మీదే. ఆ పని పోతే ఇంకో పని లేదు. అందుకని ఆ ఇంట్లో మాటలు రెండు రకాలు. గడప దగ్గర గడప మాట, వెనకాల దొడ్డి మాట. ఇంట్లో పుస్తకం చప్పుడైనా మొగ్గు మారుతుందని చదువూ దొడ్లోనే. ఈ ఏర్పాటు తమ ఇంట్లోనే ఉందని, ఎదురింటివాళ్ళూ పక్కింటివాళ్ళూ నిజంగానే అలా అనుకుంటున్నారని హైమ భయం.

పసుపు ఆరకముందే తవిటయ్య వచ్చాడు. ఆ వాడకు పక్షం పెద్ద అతనే. నెలకోసారి వచ్చి ఇంటిచెవిని మెత్తటి గుడ్డతో తుడిచి వెళ్తాడు.

"బాగున్నావా తల్లీ? సింహాద్రి ఇంకా నీళ్ళమీదేనా?"

"ఈసారి ఇంకో నెల పడుతుందంట బాబాయ్."

తవిటయ్య గడప ముందు గొంతుక్కూర్చుని బిళ్ళ తుడిచాడు. తర్వాత అతని గొంతు కూడా తేటపడింది. "నెలాఖరు నుంచి ఆడపిల్లలకు ఆరో తరగతి వరకే బడి. ప్రజల కోరిక మేరకు పక్షం ఈ నిర్ణయం తీసుకుంటోంది."

హైమకు ముందు వినపడలేదు. విన్నాక అర్థం కాలేదు.

"ఆరా? ఎనిమిది కదా?"

"ఎనిమిదే. ఇప్పుడు ఆరు." అతను మళ్ళీ మామూలు గొంతులోకి వచ్చాడు. "ఆడపిల్లలకి సదువొద్దని మన వాడ మొగ్గు నూటికి తొంభై నాలుగు తల్లీ. రాష్ట్రంలో ఇంత గట్టి వాడ ఇంకోటి నేదంట. పైనోళ్ళు మెచ్చుకుని నాకు శాలువా కప్పినారు."

"ఎవరు అడిగారు బాబాయ్, ఆరుకి తగ్గించమని?"

తవిటయ్య ఆశ్చర్యంగా చూశాడు. "మీరే గదా."

బిళ్ళ పక్కనే ఉంది. చందన ఏడో తరగతిలో ఉంది. నెలాఖరుకు ఇరవయ్యారు రోజులుంది.

"చాలా మంచి నిర్ణయం," అంది హైమ. గొంతు ఎక్కడా తొణకలేదు. పదిహేనేళ్ళ అలవాటు.

పదిహేనేళ్ళ కింద ఆమె తొమ్మిదో తరగతిలో ఉండగా పదో తరగతి నియమం ఎనిమిదికి దిగింది. నడుస్తున్న సంవత్సరం మధ్యలో దిగింది. గణితం పుస్తకం ఏడో అధ్యాయం దగ్గర ఆగిపోయింది. ఎనిమిదో అధ్యాయంలో ఏముందోనని ఆమెకు ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది.

అత్త అప్పలకొండ దొడ్లో కత్తిపీట ముందు కూర్చుని కవళ్ళ చేపలు బాగుచేస్తోంది. ముప్ఫయ్యేళ్ళు తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళమ్మట చేపలమ్మిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక ఇంటి చేపలతో సరిపెట్టుకుంటోంది.

"అత్తా, ఆరంట."

"ఇన్నాను. నా సెవులు బాగానే ఉన్నాయి."

చందన బట్టలుతికే బండ మీద కూర్చుని లెక్క చేస్తోంది. తల ఎత్తలేదు. కలం మాత్రం ఆగిపోయింది.

"పక్షం ముందు నుంచీ ఇలాగేనా అత్తా?"

అప్పలకొండ చేప పక్కన పెట్టి నవ్వింది. "ఇలగా? ఓలమ్మో! మా యమ్మ నన్ను సంకనేసుకుని మొదటి సభకి ఎల్లినాది. రేవు గేటు కాడ. నాలుగొందల మంది, అందరూ సేపలమ్మే ఆడోళ్ళే. రేవులోకి మా తట్టలు రానియ్యండి, మా ఆడగుంటలకి బడి ఎట్టండి అని. పక్షం అక్కడే పుట్టినాది. గడప బొమ్మ కింద అప్పుడేటి రాసుండేదో తెల్సా? 'గడప దాటి రండి' అని."

హైమ నమ్మలేదు. అత్త కొంచెం కల్పించి చెప్పే రకం. "మరి ఎప్పుడు మారింది?"

"అదే నాకూ తెల్దు. గెలిసినాక ఆడోళ్ళ పక్కన మొగోళ్ళు కూకున్నారు. ఇంకో నాలుగేళ్ళకి మొగోళ్ళు కూకుంటే ఆడోళ్ళు ఎనకాల నిలబడ్డారు. ఆ తర్వాత, ఎండలో ఎందుకమ్మా, ఇంటికాడే ఉండండి సుఖంగా అన్నారు. ఒక్కోటీ ఇన్నప్పుడు, పోన్లే, ఇంతే కదా అనుకున్నాను. ప్రతిసారీ ఓటు గడపకే గుద్దినాను. ఇంటిసెవి వచ్చినాక మరీ బేగి మారినాది. కానీ ఏ రోజు మారినాదో సెప్పమంటే సెప్పలేను."

హైమకు చందన పాత గౌన్లు గుర్తొచ్చాయి. పిల్ల పెరగడం ఏ రోజూ కనిపించదు. పోయినేడాది గౌను తొడిగినప్పుడు మోకాళ్ళు బయటపడి ఉలిక్కిపడతాం. కానీ పిల్ల తిన్న అన్నంతో పెరుగుతుంది. పక్షం ఏం తిని ఇటు పెరిగింది? మీరే గదా అన్నాడు తవిటయ్య. ఆ తొంభై నలుగురు ఎవరు? ఆ ప్రశ్న పుట్టాక ఆమె చేతులు ఏ పని మీదా నిలవలేదు. భయంకన్నా తెలుసుకోవాలన్న దురదే ఎక్కువైంది.

మర్నాడు పాలతోడు కోసమని గిన్నె పట్టుకుని బయలుదేరింది. తోడుకోసం వచ్చిన మనిషిని ఎవరూ గుమ్మంలో నిలబెట్టరు, వంటింట్లోకి రమ్మంటారు. వంటింట్లోంచి దొడ్డి కనిపిస్తుంది.

మొదటి ఇంట్లో ఏమీ కనిపించలేదు. వచ్చేస్తూ చూస్తే, బట్టలుతికే బండ మీద బొగ్గుతో గీసిన త్రిభుజం ఉంది. సగం కడిగేసి ఉంది. రెండో ఇంట్లో కోళ్ళగంప కింద పుస్తకాలున్నాయి, కోళ్ళు గోడ మీదున్నాయి. మూడో ఇంట్లో ముసలాయన మనవరాలికి పేలు చూస్తూ ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్నాడు. హైమను చూసి పదిహేడో ఎక్కాన్ని చటుక్కున దేవుడి పాట చేసేశాడు.

నాలుగో ఇల్లు రాజులమ్మది. ఆ వాడలో గడప మాట రాజులమ్మ చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరు. ఆవిడ గుమ్మంలో నిలబడి "ఆడపిల్లకు అక్షరం నేర్పడమే అనవసరం" అంటే వీధి చివరకు వినిపించేది. హైమ పదేళ్ళుగా ఆవిడంటే హడలి చచ్చేది.

"తోడు కావాలప్పా," అంది హైమ గుమ్మం దగ్గర.

"ఇక్కడుండు, తెస్తాను."

రాజులమ్మ వంటింట్లోకి వెళ్ళింది. హైమ ఉండమన్నచోట ఉండలేదు. వెనకే వెళ్ళి దొడ్డి తలుపు తీసింది. తీగ మీద ఆరేసిన చీరల మధ్య ఎవరో నీడలా కదిలారు. చీర తొలగిస్తే రాజులమ్మ కూతురు, పద్నాలుగేళ్ళ పిల్ల, ఒళ్ళో పుస్తకం. ఆ పుస్తకం అట్ట హైమకు తెలుసు. తొమ్మిదో తరగతి గణితం.

రాజులమ్మ తోడుగిన్నెతో వచ్చి కొయ్యబారిపోయింది. "ఒలే హైమా, నీకు దణ్ణం ఎడతాను. ఎవలికీ సెప్పకే. మాయన ఉద్యోగం పోద్ది."

"మా చందన కూడా దొడ్లోనే అప్పా."

"ఏటీ?"

"దొడ్లోనే. రోజూ. నాలుగేళ్ళుగా."

రాజులమ్మ కాసేపు తేరిపార చూసింది. "మరి గుమ్మంలో అలాగంటావేమే! ఇంటి పరువు, ఇంటి పరువని! నువ్వంటావనే కదే నేను ఇంకా గట్టిగా అన్నాను, నీకన్నా తక్కువ పడితే నా మీద కన్నేస్తారని!"

"నువ్వంటావని నేనన్నాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. రాజులమ్మకు ముందు నవ్వొచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. హైమ నవ్వుతూనే ఆ పిల్ల ఒళ్ళో పుస్తకం అందుకుని ఎనిమిదో అధ్యాయం తెరిచి చూసింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా రెండు పేజీలు తిరగేసింది.

రెండు రోజుల్లో పదకొండు ఇళ్ళు తిరిగింది. పదకొండు దొడ్లలోనూ చదువు సాగుతోంది. అంటే తొంభై నాలుగు ఎక్కడా లేదు. ఎవరూ అడగలేదు. ప్రతి ఇల్లూ పక్కింటికి భయపడి ఒక మాట పెంచింది. పక్షం ఆ మాటలు లెక్కగట్టి ఒక తరగతి తగ్గించింది. తగ్గించినందుకు జనం ఇంకా భయపడి ఇంకో మాట పెంచారు. యాభై నాలుగేళ్ళ పక్షం కథంతా ఇంతేనా అని హైమకు దిగ్భ్రమ కలిగింది. ఇంతే అయితే, ఒక్క నిజం చెబితే చాలదా?

సోమవారం మధ్యాహ్నం ఇంటి పనంతా అయ్యాక గడప దగ్గర కూర్చుంది. సింహాద్రి ముఖం గుర్తొచ్చింది. లేద్దామనుకుంది. లేవలేదు.

"మా... మా చందన చదువుకోవాలి. ఆరు కాదు. ఎనిమిదీ కాదు. ఎంతవరకు ఉంటే అంతవరకు. నాకు... నాకు చదువు మానాలని లేదు అప్పుడు. ఎవరూ అడగలేదు నన్ను."

చెప్పినవి నాలుగు మాటలు. చెప్పేసరికి చెమటతో రవిక తడిసిపోయింది. వెనక నుంచి చందన వచ్చి తల్లి వీపుకు చెంప ఆనించి నిలబడింది.

"నిజంగా అన్నావు కదమ్మా?"

"నీకెలా తెలిసింది?"

"నీ గొంతు వణికింది."

ఆ తర్వాత వారమంతా హైమ రోజూ ఆ మాటలే చెప్పింది. రోజూ గొంతు వణికింది. మళ్ళీ సోమవారం తవిటయ్య శాలువా కప్పుకుని మరీ వచ్చాడు.

"శభాష్ తల్లీ! మీ ఇల్లు తొంభై ఏడుకి ఎక్కినాది. వాడలో మీదే పైన."

హైమ గుమ్మం పట్టుకుంది. "ఎక్కడమేంటి బాబాయ్? నేను వారం నుంచీ..."

తవిటయ్య ఆమె ముఖం చూశాడు, బిళ్ళ చూశాడు. గట్టిగా, "ఒక చెంబు నీళ్ళు ఇప్పించమ్మా, దొడ్లో కాళ్ళు కడుక్కుంటాను," అన్నాడు. దొడ్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించాడు.

"ఏటన్నావు దాని ముందర?"

హైమ చెప్పింది. ముసలాయన బండ మీద చతికిలబడ్డాడు.

"పిచ్చితల్లీ, అది మాటొక్కటే ఇనదు. మాట నిలకడ ఇంటాది. భయపడినోడే అబద్ధమాడతాడని దాన్ని సేసినోళ్ళ నమ్మకం. గొంతు తొణక్కపోతే నిజం కింద రాసుకుంటాది. వణికినాదా, అబద్ధం కింద తీసుకుని తిరగేసి రాస్తాది. మాకు నేర్పినప్పుడే సెప్పినారు. నువ్వు సదువుకోవాలంటే వద్దని రాసుకున్నాది."

"మరి ఇన్నాళ్ళూ మేం వణక్కుండా చెప్పినవి?"

"అవి గట్టి నిజాలు."

అప్పలకొండ కత్తిపీట దగ్గర నుంచి అడిగింది. "ఇదంతా పక్షానికి తెల్దా తవిటయ్యా?"

"పక్షమంటే ఎవలప్పా? ఈ వాడకి నానే పక్షం. నాకు తెలుసు. మా మనవరాలు కూడా దొడ్లోనే సదువుతాది. నా పైవాడికి తెలుసో నేదో నాకు తెల్దు. అతగాడి దొడ్లోకి నానెప్పుడూ ఎల్లనేదు గదా." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "అతని ముందర నానూ గడప మాటే సెప్తాను. అతనూ నాకు అదే సెప్తాడు."

"పోనీ నువ్వెళ్ళి చెప్పు బాబాయ్."

"ఎవలికి? సభ జరిగి ఇరవయ్యేళ్ళయినాది. ఆఫీసులో కుర్చీలకి బూజు పట్టినాది. అంకె వస్తాది, నియమం ఎల్తాది. మనిసి మాట్లాడ్డానికి అందులో సోటు నేదు."

అతను వెళ్ళాక హైమ రోజులు లెక్కపెట్టుకుంది. నెలాఖరుకు పదహారు రోజులుంది. అప్పలకొండ చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నిన్నటి సేపని ఇయ్యాల్టిదని ఎలాగ అమ్ముతారో తెల్సా నీకు?"

"ఇప్పుడు చేపల గోలేంటత్తా!"

"ఇను. ముప్ఫయ్యేళ్ళు అమ్మినాను. కొనేవోళ్ళు సేప మొప్పలు సూడరు, మన మొకం సూస్తారు, గొంతు ఇంటారు. గొంతులో ఈసమెత్తు జంకు కనబడినా తట్ట దింపుకోవాల్సిందే. గాలి కడుపులోంచి తియ్యాలి, పీకలోంచి కాదు. మాట ఆకర్న సాగదియ్యకూడదు, తెగ్గొట్టాలి. రోజుకి నూరుసార్లు అంటే నూటొకటోసారి నీకే నిజమనిపిస్తాది. అబద్ధాన్ని అలాగ నిలబెట్టినాను. నీ నిజాన్ని నిలబెట్టలేనా?"

ఆ రోజు నుంచే పాఠం మొదలైంది. హైమ రోట్లో పిండి దంపుతూ ఒక్కో పోటుకు ఒక్కో ముక్క చెప్పేది. మా పిల్లలు. చదువుకోవాలి. అప్పలకొండ కర్రతో నేల మీద కొట్టి తప్పు పట్టేది. "కుళ్ళిపోయినాది నీ సేప! మళ్ళీ!" చందన కూడా పక్కన కూర్చుని చెప్పేది. గోడ అవతల నుంచి రాజులమ్మ తొంగిచూసి విషయం తెలుసుకుని, తన పచ్చడిబండ తెచ్చుకుని గోడపక్కనే చేరింది. రాజులమ్మ దొడ్డి నుంచి పాఠం ఇంకో దొడ్డికి పాకింది. చేపల తట్టలవాళ్ళు పొరుగూళ్ళకు మోసుకుపోయారు. వాళ్ళు తట్ట దింపిన ప్రతి ఊళ్ళోనూ రెండు కవళ్ళు ఎక్కువ వేసి ఈ విద్య నేర్పి వచ్చారు.

అయిదో రోజుకు హైమ గొంతు నిలబడింది. వీధి చివర మొగ్గుపలక మీద వాడ అంకె దీపాలవేళకు మారేది. తొంభై నాలుగు ఎనభై అయింది. ఎనభై యాభై అయింది. పిల్లలందరూ దాని కింద గుమిగూడి క్రికెట్ స్కోరు చూసినట్టు చూసేవారు. ఎవరి పనిలోనూ కోత పడలేదు. నెలాఖరుకు రెండు రోజుల ముందు పలక మీద పదకొండు కనిపించింది. తీరం పొడుగునా అలాగే ఉందని తవిటయ్య దొడ్లోకి వచ్చి మరీ చెప్పి వెళ్ళాడు.

నెలాఖరు సాయంత్రం పక్షం అధ్యక్షురాలు మాటతెర మీద కనిపించింది. ఆడపిల్లలకు ఇకనుంచి పన్నెండో తరగతి వరకు బడి అని ప్రకటించింది. "ఆడపిల్ల చదువు మా పక్షం పుట్టిన నాటి నుంచీ మా మాట. ఏ రోజూ మేము మారలేదు. గడప కదలదు." గొంతు తేటగా, ఎక్కడా తొణక్కుండా ఉంది.

"సూసినావా, మళ్ళీ మారనేదంట," అంది అప్పలకొండ.

హైమ మాత్రం తెర మీది ముఖాన్ని వదలకుండా చూసింది. ఆమె ఇంటికీ ఒక దొడ్డి ఉంటుంది కదా, అక్కడ ఆమె ఏమంటుందోనని.

మరుసటి వారం సింహాద్రి ఇంటికొచ్చాడు. భోజనాల దగ్గర హైమ నెల రోజులు బెంగపెట్టుకున్నానంది. అతను ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు.

"అదేటే, రేవులో ప్రకటన సదివినట్టు సెప్తన్నావు?"

హైమ నవ్వేసింది. ఆ నవ్వు కూడా కొలిచి పోసినట్టు వచ్చింది. ఇంకోసారి, ఇంకోలా చెప్పి చూసింది. గాలి కడుపులోంచే వచ్చింది, మాట ఆఖర్న తెగింది. తనొక్కతే కాదు. తన కోడలు ఎంత పాడినా చంటిబిడ్డ జోలపాటకు నిద్రపోవడం లేదని, గొంతు వినగానే కళ్ళు విప్పి చూస్తోందని రాజులమ్మ చెప్పింది. ఏడ్చే పిల్లకు "ఏం కాలేదమ్మా" అంటే పిల్ల ఏడుపు పెంచుతోందట.

సెలవులయ్యాక బడి తెరిచిన రోజు పొద్దున చందనకు జడ వేస్తోంది హైమ. చిన్న అద్దంలో పిల్ల కళ్ళు తల్లి ముఖం మీదే ఉన్నాయి.

"అమ్మా, నేను బడికి వెళ్ళడం నీకు నిజంగా ఇష్టమేనా?"

"ఇష్టమే. నువ్వు ఎంతవరకు చదివితే అంతవరకు చదివిస్తాను."

"ఇదివరకు తెలిసేది," అంది చందన, అద్దంలో చూపు మరల్చకుండా.

"ఏం తెలిసేది?"

"నువ్వు నిజంగా అంటే తెలిసేది. ఇప్పుడన్నీ ఒకేలా ఉంటున్నాయి."

హైమ జడ వదిలేసి పిల్లను తనవైపు తిప్పుకుంది. గుండెలో ఉన్నది గొంతులోకి తెద్దామని చూసింది. ఆ సోమవారం మధ్యాహ్నం తడబడ్డట్టు తడబడాలని చూసింది. రాలేదు. "ఒట్టు," అంది చివరికి. ఆ ఒట్టు కూడా పొల్లు పోకుండా వచ్చింది.

ఇక తనకు మిగిలిన ప్రశ్న తనే అడిగింది. "నీకు వెళ్ళాలనుందా చందూ?"

"ఉందమ్మా. చదువుకోవడం నాకు చాలా ఇష్టం."

హైమ ఉలిక్కిపడింది. తేటగా, నిలకడగా, కడుపులోంచి గాలి తీసి ఆఖర్న తెగ్గొట్టిన మాట. పదహారు రోజులు రోటి పక్కన కూర్చుని పిల్ల కూడా నేర్చుకుంది. తనకోసం అంటోందా, అమ్మ కష్టం వృథా కాకూడదని అంటోందా, అత్త పాఠం అప్పజెబుతోందా? కన్నతల్లికి కూతురి మాటలో ఎక్కడా పట్టు దొరకలేదు.

ఇద్దరూ గడప దాటి వీధిలోకి వచ్చారు. ఇంటిచెవికి అందనంత దూరం వచ్చాక హైమ మళ్ళీ అడిగింది. "ఇక్కడెవరూ వినరు. చెప్పు."

"ఉందని చెప్పాను కదమ్మా." వెంట్రుకంత వణుకు లేదు.

హైమ వినడం మానేసి పిల్ల కాళ్ళ వైపు చూసింది. మొగ్గుపలక దాటేదాకా ఆ కాళ్ళు ఆమె పక్కనే, ఆమె అడుగుకు సమంగా నడిచాయి. మలుపు తిరిగితే బడి గోడ కనిపించింది. చందన తల్లి చెయ్యి వదిలించుకుంది. ఒక పెద్ద అడుగు వేసింది, ఇంకో పెద్ద అడుగు, ఆ తర్వాత పరుగు. పుస్తకాల సంచీ వీపు మీద ఎగిరెగిరి పడుతోంది.

ఆలస్యమైందనే పరుగేమో, గంట కొట్టారేమోనని హైమ చెవి రిక్కించి వింది.

గంట ఇంకా కొట్టలేదు.